ఆనకట్ట దగ్గర ఆగిన చేపకు దారి అడిగిన వైద్యుడు ఫ్రాన్సిస్ డే

నవా రాయపూర్, జులై 10: ఛత్తీస్‌గఢ్ నదులలో ఇప్పుడు వల పడదు. ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు ఆ రాష్ట్రంలోని నదులలో, ఉపనదులలో, వాటిపై కట్టిన జలాశయాలలో చేపల వేట నిషిద్ధం. కొత్త నీటికి ఎదురెక్కి తల్లిచేప గుడ్లు విడిచే కాలమిది. నవా రాయపూర్‌లో రాష్ట్ర సచివాలయం పేరు మహానది భవన్. శాఖాధిపతుల కార్యాలయాలున్న భవనం పేరు ఇంద్రావతి భవన్. ఒకే పరిపాలనా ప్రాంగణంలో ఉన్న ఈ రెండు కట్టడాలకు పేరిచ్చిన నదులు మాత్రం చెరొక దారిన పోతాయి. ధమ్‌తరి జిల్లా సిహావా కొండలలో పుట్టిన మహానది రాజిమ్ మీదుగా సాగి, ఒడిశాలో ప్రవేశించి, కటక్ దాటి సముద్రాన్ని చేరుతుంది. బస్తర్ అడవుల మీదుగా వచ్చే ఇంద్రావతి గోదావరిలో కలిసి ధవళేశ్వరం దాకా వస్తుంది. ఈ రెండు నదుల దిగువభాగాన పంతొమ్మిదవ శతాబ్దంలోనే అడ్డంగా రాతి ఆనకట్టలు లేచాయి.

ఆ ఆనకట్టల కింద ఆగిపోయిన చేప సంగతి ఏమిటని భారతదేశంలో ప్రభుత్వం తరఫున మొదట విచారించినవాడు ఇంజనీరు కాడు, రెవెన్యూ అధికారి కాడు. మద్రాసు సైన్యపు వైద్యుడొకరు. ఆయనే ఫ్రాన్సిస్ డే. భారతీయ మత్స్యశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలిసిన పేరు. 1889లో ఇదే జులై 10న ఆయన మరణించారు.

డే 1829 మార్చి 2న ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో, మేరెస్‌ఫీల్డ్ గ్రామంలో జన్మించారు. ష్రూస్‌బరీ పాఠశాలలో చదివి, లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో వైద్యవిద్య ముగించి, 1852లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్యసేవలో సహాయ శస్త్రవైద్యుడిగా చేరారు. అదే సంవత్సరం ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ గోదావరి ఆనకట్టను పూర్తి చేశారు. ఒకరి పని మరొకరి పనికి ఇంత దగ్గరగా వస్తుందని ఆనాడు ఆ ఇద్దరిలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. డే ముందుగా రెండవ బర్మా యుద్ధానికి వెళ్లారు. ఆ తరువాత దక్షిణాది దండు పట్టణాలలో రోగులను చూస్తూ, తీరిక వేళల్లో పక్షులనూ చేపలనూ సేకరిస్తూ కొన్నేళ్లు గడిపారు.

కంపెనీ వైద్యులకు ఈ అలవాటు కొత్తది కాదు. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ ఆ తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలూ వర్ణనలూ 1803లో గ్రంథంగా వెలువడ్డాయి. అందులో చాలా చేపలకు రస్సెల్ ఇచ్చినవి తెలుగు జాలరుల నోట విన్న పేర్లే. గంగానది చేపలపై ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ గ్రంథం 1822లో వచ్చింది. దక్షిణాది మంచినీటి చేపలపై మరో వైద్యుడు థామస్ జెర్డన్ 1840ల చివర రాశారు. డే ఈ వరుసలోని వాడే. అయితే ఆయన ముందున్నవారు చేపకు పేరు పెట్టడంతో తృప్తి పడ్డారు. డే మరొక ప్రశ్న వేశారు. పేరు పెట్టిన చేప రేపు నదిలో ఉంటుందా అన్నది ఆ ప్రశ్న.

ఆ ప్రశ్న ఒక్కరోజులో పుట్టలేదు. కొచ్చిన్‌లో ప్రభుత్వ వైద్యుడిగా ఉన్న సంవత్సరాలలో ఆయనకు మలబారు తీరపు చేపల బజార్లు పాఠశాలలయ్యాయి. తెల్లవారి పడవలు ఒడ్డుకు చేరే వేళకు ఇసుకమీద పరిచిన చేపలలో తెలియనిది కనిపిస్తే కొనడం, బొమ్మ గీయడం, మద్యసారం సీసాలో భద్రపరచడం ఆయన దినచర్య. కొచ్చిన్ చరిత్రపై 1863లో ఒక పుస్తకం, మలబారు చేపలపై 1865లో మరొక పుస్తకం వెలువరించారు. పడమటి కనుమల వాగులలో ఎర్రగీత, నల్లగీతలతో మెరిసే ఒక చిన్న చేపకు మద్రాసు గవర్నర్ విలియం డెనిసన్ పేరు పెట్టారు. నేడు ప్రపంచమంతటా అలంకార చేపల వ్యాపారంలో మిస్ కేరళ అని చలామణీ అవుతున్నది అదే. నీలగిరి చల్లని వాగులలో ఐరోపా ట్రౌట్ చేపను పెంచాలని కూడా 1860లలో ప్రయత్నించి విఫలమయ్యారు. పరాయి చేపను ఇక్కడికి తేవాలన్న ఉత్సాహం ఆ కాలపు దొరలందరికీ ఉండేది. డే దానికి అతీతుడేమీ కాడు.

ప్రయోగశాల అన్న మాటకు నేడున్న అర్థంలో ఆయనకు ప్రయోగశాల లేదు. నీటి తొట్టి, వలగుడ్డ, గడియారం, కత్తి, సూక్ష్మదర్శిని ఉంటే చాలు. కొరమీను, మార్పు వంటి చేపలు బురదలో రోజుల తరబడి ఎలా బతుకుతాయన్నది ఆనాటి శాస్త్రజ్ఞులకు ఒక చిక్కుప్రశ్న. అలాంటి చేపలను నీటిలోనే ఉంచి, పైకి రాకుండా అడ్డం పెడితే ఏమవుతుందో డే పరీక్షించారు. నీటిలో ఉండి కూడా అవి ఊపిరాడక చనిపోయాయి. పైకి వచ్చి గాలి పీల్చడం వాటికి అలవాటు కాదు, అవసరమని ఆ తొట్టి చెప్పింది. ఆనకట్ట కింద చేప ఎందుకు చస్తున్నదని అడిగినప్పుడు ఆయనకు ఉపకరించినదీ ఈ పద్ధతే. ఊహించి ఊరుకోకుండా, అడ్డం ఎక్కడ పడిందో చూసి లెక్క కట్టడం.

1867లో ఆ అవసరం వచ్చింది. చేపల సంగతి మొదట కదిపినది స్వయంగా ఆర్థర్ కాటన్. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండ్‌లో ఉన్నారు. పెద్ద నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలలో చేపలకు దారి విడవలేదనీ, అందువలన తీరప్రాంతపు చేపల సంపదకు నష్టం వాటిల్లుతుండవచ్చనీ ఆయన భారత వ్యవహారాల మంత్రి దృష్టికి తెచ్చారు. గోదావరి ప్రజలు కాటన్‌ను తలచుకొనేది నీరిచ్చిన దాతగా. ఆ నీటిని మళ్లించిన కట్ట ఎవరి నోటి దగ్గర కూడు తీస్తున్నదోనన్న అనుమానం మొదట కలిగినది కూడా ఆయనకే అన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. తాను కట్టినదానిలోని లోపాన్ని తానే ఎత్తిచూపడం ఏ కాలంలోనైనా ఇంజనీర్లలో అరుదు.

ఇంగ్లండ్‌లో అప్పటికే చట్టం ఉంది. సాల్మన్ చేప ఎక్కే నదులలో కొత్తగా కట్టే ఆనకట్టకు చేపల దారి ఉండి తీరాలని 1861 చట్టం నిర్దేశించింది. అదే దశకంలో బ్రిటిష్ ఇంజనీర్లు మహానదిపై కటక్ వద్ద ఆనకట్టలు కడుతున్నారు, తుంగభద్రపై సుంకేసుల వద్ద కడుతున్నారు. ఇక్కడి నదులకు అటువంటి షరతు ఏదీ లేదు.

ఈ విచారణకు మద్రాసు ప్రభుత్వం డేను నియమించింది. మొదట మద్రాసు ప్రెసిడెన్సీ నదులు, ఆపై 1868లో ఒడిశా, బెంగాల్, తరువాత బర్మా, అండమాన్ దీవులు. డే ఒడిశా చేరేనాటికి అక్కడ 1866 నాటి కరువు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారని అంచనా. కరువును ఎదుర్కొనే ఉపాయంగానే మహానది కాలువలను ప్రభుత్వం చూస్తున్నది. పంటకు నీరు అవసరమన్నదానిలో డేకు సందేహం లేదు. కాని పంట పోయిన ఏట పేదవాడి కుండలోకి వచ్చే చేపను కూడా అదే కట్ట ఆపుతున్నట్లయితే ఆ లెక్క కూడా చూడాలన్నది ఆయన వాదం. ఆయన నివేదికలలో చేప వేటగాడి వినోదం కాదు, మార్కెట్ సరకు కూడా కాదు. ముందుగా అది ఆహారం.

ఆ విచారణలో ప్రధాన సాక్షి మన పులస. బెంగాలీలు ఇలిష్ అనే ఈ చేప కడలిలో ఉన్నంత కాలం తెలుగు జాలరికి ఇలస. వరద ఎర్రబారి సముద్రంలోకి దూకేవేళ అది నదీముఖం కనిపెట్టి, ప్రవాహానికి ఎదురీది మంచినీటికి వస్తుంది. గోదావరి నీరు తాగిన తరువాత దాని పేరు పులస, దాని ధర వేరు. మంగళసూత్రం అమ్మి అయినా తినాలన్న నానుడి దీనిమీదే పుట్టింది. అది ఎగువకు వచ్చేది గుడ్లు పెట్టడానికి. పిల్లలు మంచినీటిలో కొంత పెరిగి తిరిగి కడలికి పోతాయి. ఆ ఎదురీతకు మధ్యలో రాతికట్ట అడ్డుపడితే ఏమవుతుందో దక్షిణాన కొల్లడం మొదలు ఉత్తరాన మహానది దాకా ఆనకట్టల తీరు డేకు చూపించింది. కట్ట మీదుగా జారే నీరు పలచన, వేగం ఎక్కువ. అడుగు తూములు తెరిచినచోట ధాటికి ఏ చేపా నిలవలేదు. దారి దొరకని చేపలు గుంపులు గుంపులుగా కట్ట కిందనే తిరుగుతాయి. ఆ సంగతి తెలిసిన వలలు అక్కడే కాచుకొని ఉంటాయి. గుడ్లతో ఉన్న చేప గుడ్లు విడవకముందే బజారుకు చేరుతుంది. ఆనకట్ట కట్టిన తొలి సంవత్సరాలలో దాని దిగువన వేట విపరీతంగా పెరిగినట్టు కనిపించడానికి కారణం ఇదేననీ, అది సమృద్ధి కాదనీ, మూలధనాన్ని తినడమనీ ఆయన గ్రహించారు.

ఎదురెక్కే చేపలన్నీ సముద్రం నుంచి వచ్చేవి కావని కూడా ఆయన విడదీసి చెప్పారు. మహసీర్ వంటివి మైదానపు మడుగులలో ఉండి, వానాకాలంలో కొండవాగులకు ఎక్కి గుడ్లు పెట్టి, నీరు తగ్గాక దిగివస్తాయి. మహానది, ఇంద్రావతి పై పరీవాహకాలకు, అంటే నేటి ఛత్తీస్‌గఢ్ కొండవాగులకు, వర్తించేది ఈ రెండవ రకం. మహానదిలో ఉన్న మహసీర్‌ను ప్రత్యేక రూపంగా గుర్తించి ఏ. డేవిడ్ 1953లో వర్ణించారు. ఇక బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటివి దూరం పోవు. పొంగిన నీటితో పాటు ఒడ్డు పల్లాలకు వచ్చి గుడ్లు విడుస్తాయి. వాటి పిల్లలు కాలువల వెంట వరిచేలలోకి కొట్టుకుపోతాయి. ప్రతి మడికీ నీరు దిగేచోట వెదురుతో అల్లిన మావు పెట్టి ఉంటుంది. వేలెడంత కూడా పెరగని పిల్ల అందులోనే ఆగిపోతుంది.

1871లో డే భారత ప్రభుత్వానికి మత్స్యశాఖల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితులయ్యారు. దేశమంతా ఒక్కడు తిరిగి చూడలేడు. అందుచేత ఆయన ప్రశ్నావళి పంపారు. జిల్లా అధికారుల నుంచి, తహసీల్దార్ల వంటి స్థానిక ఉద్యోగుల నుంచి జవాబులు తెప్పించారు. మీ ప్రాంతంలో జనాభాలో ఎంతమంది చేప తింటారు, బజారుకు వచ్చేది చాలుతున్నదా, మునుపటికంటే పెరిగిందా తగ్గిందా, వాడే వలలలో అతి సన్నని కన్ను ఎంత, చిన్న పిల్లలను పడతారా, నీటిలో విషం కలుపుతారా, పొలాలలో మావులు పెడతారా, ఇలా సాగాయి ఆ ప్రశ్నలు. మధ్యపరగణాలు మొదలు బర్మా వరకు వచ్చిన సమాధానాలను గుదిగుచ్చి, 1873లో కలకత్తా నుంచి రెండు నివేదికలు వెలువరించారు. ఒకటి మంచినీటి చేపలపై, రెండవది సముద్రపు చేపలపై. దేశంలో చేపల సంపదపై ఇంత విస్తృతమైన పరిశీలన అంతకుముందు లేదు. గ్రామాలలో నేడు ఆరా తీసే మత్స్యశాఖ అధికారి ప్రశ్నలు కూడా వీటికి ఏమంత దూరం కాదు.

ఆ నివేదికలలోని సూచనలు సూటిగా ఉన్నాయి. ఆనకట్టలన్నిటికీ చేపల దారి పెట్టాలి. వల కన్నుకు కనీస కొలత నిర్ణయించాలి. నీటికి విషం పెట్టడం ఆపాలి. ప్రవాహానికి అడ్డంగా పాతే స్థిర పన్నులను తొలగించాలి. గుడ్లు పెట్టే తల్లిచేపకూ, పిల్లలకూ రక్షణ కల్పించాలి. చేపల నిచ్చెన అంటే ఏటవాలు కాలువ. అందులో అడ్డదిడ్డంగా చిన్న గోడలు కట్టి నీటి ధాటిని విరుస్తారు. ఒక్కొక్క గోడ వెనుక చేప కాస్త ఆగి, మళ్లీ పైకి ఈదుతుంది.

చేపలు తగ్గడానికి మూలకారణం గురించి డే చేసిన వాదన నేటికీ చర్చనీయమే. పాత రాజుల కాలంలో చేపల హక్కు ఇజారాలో ఉండేదనీ, ఇజారాదారు తన లాభం కోసమైనా వేటను అదుపులో ఉంచేవాడనీ, బ్రిటిష్ ప్రభుత్వం పేదలకు మేలు చేయాలని ఆ హక్కులను చాలాచోట్ల రద్దు చేసి నీటిని అందరికీ తెరిచిన తరువాత ఎవరి నీరూ కాకుండా పోయి విచ్చలవిడి వేట మొదలయిందనీ ఆయన అభిప్రాయం. ఇందులో కొంత సత్యం ఉంది. అయితే ఆయన చూపు జాలరిని ఎక్కువగా దోషిగానే చూసింది. మావు పెట్టే రైతు, సన్నవల వేసే బెస్త ఆయన నివేదిక నిండా కనిపిస్తారు. అదే బెస్తకు ఏ మడుగులో ఎప్పుడు వల వేయకూడదో తరతరాలుగా తెలిసిన కట్టుబాట్లు మాత్రం ఆ పుటలలో అంతగా వినిపించవు. రస్సెల్ జాలరుల దగ్గర పేర్లు నేర్చుకున్నాడు. డే కూడా తన గ్రంథంలో తెలుగు, తమిళ, ఒడియా, బెంగాలీ పేర్లను శ్రద్ధగా నమోదు చేశారు. పేరు చెప్పినవారిని మరికొన్ని ప్రశ్నలు కూడా అడిగి ఉంటే బాగుండేది.

ఆయన సూచనలు ప్రాంతీయ ప్రభుత్వాల అభిప్రాయాలకు వెళ్లి అక్కడ నిలిచిపోయాయి. వల కన్ను కొలిచే అధికారం చిరుద్యోగుల చేతికిస్తే అది పేద జాలరుల నుంచి లంచం పిండుకొనే సాధనం అవుతుందని పలువురు అధికారులు అభ్యంతరం చెప్పారు. ఆ భయం నిరాధారమైనదని ఎవరూ అనలేరు. కాని ఆ భయం ఆనకట్టకు వర్తించదు. ప్రభుత్వం తాను కట్టిన కట్టలో తానే దారి పెట్టడానికి ఏ జాలరినీ వేధించనక్కరలేదు. ఆ పనీ జరగలేదు. వేలాది ఎకరాలు పచ్చబడిన గోదావరి డెల్టా లెక్కలలో ఎగువ గ్రామాల పులస ఏ పద్దు కిందా కనిపించదు కదా.

డే మరణించిన ఎనిమిదేళ్లకు, 1897లో, భారత మత్స్యచట్టం వచ్చింది. నీటిలో పేలుడు పదార్థాలు, విషం వాడటాన్ని నేరం చేసింది. స్థిర పన్నులు, అడ్డుకట్టలు, వలల కొలతలపై నిబంధనలు చేయడానికీ, ఎంచుకున్న జలాలలో రెండేళ్ల వరకు వేటను ఆపడానికీ ప్రాంతీయ ప్రభుత్వాలకు అధికారం ఇచ్చింది. 1873 నివేదిక చదివినవారికి ఈ జాబితా పరిచితమే. ఛత్తీస్‌గఢ్‌లో నేడు అమలవుతున్న వానాకాలపు నిషేధం తరువాతి కాలపు రాష్ట్ర చట్టం కిందిది. దానికి డే ఒక్కరే మూలపురుషుడనడం అతిశయోక్తి అవుతుంది. గుడ్లు పెట్టే చేపను విడవాలన్న మాటను ప్రభుత్వ కాగితం మీద ఇంత గట్టిగా తొలినాళ్లలో రాసినవారిలో ఆయన ఒకరు అంటే చాలు.

మద్రాసులో 1907లో మత్స్యశాఖ ఏర్పడింది. సర్ ఫ్రెడరిక్ నికల్సన్ దానికి ఆద్యుడు. కొల్లడం దిగువ ఆనకట్ట వద్ద 1909లో హెచ్.సి. విల్సన్ పులస గుడ్లను చేతితో ఫలదీకరించి పొదిగించారు. చేప పైకి పోలేకపోతే పిల్లలను మనమే తయారుచేద్దామన్న ఆలోచన అది. సాల్మన్ కోసం రూపొందిన నిచ్చెన, ఎగిరి దూకే అలవాటు లేని పులసకు సరిపోదని కూడా తరువాతి పరిశీలనలు తేల్చాయి. మహానదిపై హీరాకుడ్ కడుతున్న రోజులలో ఆ నది చేపలపై ఆనకట్ట ప్రభావం ఏమిటన్న ప్రశ్న మళ్లీ లేచింది. టి.జె. జాబ్, ఏ. డేవిడ్, కె.ఎన్. దాస్ కలిసి చేసిన పరిశీలన 1955లో అచ్చయింది. రెండేళ్లకు ఆనకట్ట పూర్తయింది. 60 మీటర్ల ఎత్తుకు ఏ నిచ్చెన వేస్తారు? మహానది పై పాయలలో గంగ్రేల్ జలాశయం 1970ల చివర నిండింది. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట స్థానంలో 1982 నాటికి బ్యారేజీ సిద్ధమైంది. వరద రోజులలో పులస కోసం పడవలు బారులు తీరేది నేటికీ ఆ బ్యారేజీకి దిగువనే.

డే 1870ల నడిమినాటికి ప్రభుత్వ చర్చలలో అలసిపోయినట్టు కనిపిస్తారు. శాస్త్రంలో మాత్రం ఆయనకు అలుపు లేదు. భారతీయ మత్స్యాలపై ఆయన మహాగ్రంథం 1875 నుంచి 1878 వరకు నాలుగు భాగాలుగా వచ్చింది. చిత్రఫలకాలు 195. బొమ్మలు ఆయన స్వయంగా గీసినవే. ప్రతి చేపకూ పొలుసుల వరుసలు లెక్కపెట్టి, రెక్కలలోని ముళ్లు లెక్కపెట్టి, ఎక్కడ దొరుకుతుంది, ఎంత పెరుగుతుంది, ఏ భాషలో ఏమంటారు, తినడానికి బాగుంటుందా లేదా అన్నది కూడా రాశారు. శాస్త్రగ్రంథంలో రుచి గురించిన ఆ చివరి మాట చూసి నవ్విన పండితులుండవచ్చు. ఆహారం గురించి విచారించడానికి బయలుదేరినవాడికి అది వదిలివేయదగిన వివరం కాదు.

ఆయన ఉద్యోగం విడిచిన తరువాత ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవికి మరొకరు రాలేదు. ఇంగ్లండ్‌లో చెల్టన్‌హామ్ పట్టణంలో స్థిరపడి, బ్రిటన్, ఐర్లండ్ చేపలపై 1880 నుంచి 1884 వరకు మరొక బృహద్గ్రంథం వెలువరించారు. స్కాట్లండ్‌లోని హౌవీటౌన్ చేపపిల్లల కేంద్రంలో జేమ్స్ మైట్‌లండ్‌తో కలిసి సాల్మన్, ట్రౌట్ జాతుల సంకరంపై ప్రయోగాలు చేశారు. నీలగిరిలో ఓడిపోయిన ట్రౌట్‌ను సొంత దేశంలో తీరికగా చదివే అవకాశం దొరికింది. ఆ కృషి ఫలితం 1887లో సాల్మన్ కుటుంబపు చేపల గ్రంథంగా వచ్చింది. 1885లో ప్రభుత్వం సి.ఐ.ఇ. బిరుదు ఇచ్చింది.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జంతుశాస్త్ర విభాగానికి పెద్ద ఆల్బర్ట్ గుంథర్‌తో ఆయనకు చాలాకాలం పడలేదు. గుంథర్ జాబితాలలోని తప్పులను డే ఎత్తిచూపారు. గుంథర్ కూడా ఆయన పనిని తక్కువ చేశారు. సీసాలలో ఉన్న చేపలను మాత్రమే చూసినవాడికీ, నదిలో వల వేయించి చూసినవాడికీ మధ్య వచ్చే తగవు ఇది. ఇందులో ఇద్దరూ అక్కడక్కడ తప్పారు. డే కొత్తవనుకున్న జాతులలో కొన్ని పాతవేనని తరువాత తేలింది. ఆ తగవు ఫలితం మాత్రం విచిత్రం. 1883లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనలో డే తన భారతీయ చేపల సేకరణను ఉంచారు. దానిలో ముఖ్యమైన భాగం బ్రిటిష్ మ్యూజియానికి కాక సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియానికి అమ్ముడుపోయింది. అందుచేత భారతీయ నదులలో పట్టిన చేప అసలు నమూనా చూడాలనుకున్న పరిశోధకుడు ఒక్కోసారి కలకత్తాకూ, ఒక్కోసారి లండన్‌కూ, ఒక్కోసారి సిడ్నీకీ ఉత్తరం రాయవలసి వస్తుంది.

జీవితపు చివరి సంవత్సరంలో ఆయన ఆ పంతం విడిచి, తన వద్ద మిగిలిన సేకరణను బ్రిటిష్ మ్యూజియానికి అందజేశారు. అప్పటికే కడుపులో క్యాన్సర్ ముదిరింది. బ్రిటిష్ ఇండియా జీవజాల గ్రంథమాల కోసం చేపలపై రెండు సంపుటాలను సవరించి సిద్ధం చేశారు. 342 ప్రజాతుల కింద 1,418 జాతుల వర్ణన ఉన్న ఆ సంపుటాలు 1889లో వెలువడ్డాయి. ఆ ఏడాది జులై 10న చెల్టన్‌హామ్‌లో ఆయన కన్నుమూశారు. వయస్సు 60.

మన దేశంలో జులై 10 జాతీయ మత్స్యరైతుల దినోత్సవం. దానికి కారణం డే కాదు. 1957లో అదే తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, కె.హెచ్. అలికున్హి కలిసి పీయూష గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి చెరువులో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. నదికి ఎదురెక్కితే తప్ప గుడ్లు విడవని చేప, నది అవసరమే లేకుండా గుడ్లు విడిచింది. కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువులన్నీ ఆ సూదిమందు మీద నిలిచినవే. పులసకు మాత్రం ఆ చెరువు ఇంకా సరిపడలేదు. వరద రాగానే అది ధవళేశ్వరం వైపే ఈదుతుంది.